ముసలిదైన కుక్క, పిల్లి: వైద్యం ఎక్కడిదాకా, వీడ్కోలు ఎప్పుడు

పెంచుకున్న కుక్క సరిగ్గా లేవలేకపోతున్నా, ముద్ద ముట్టకపోయినా, రాత్రంతా వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నా గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లల్లో వచ్చే మాట ఒకటే. "ముసిల్దైపోయిందండీ, ఇంకేం చేస్తాం." ఆ మాట అనేవాళ్లకి ప్రేమ లేదనడానికి లేదు, పదేళ్లు పన్నెండేళ్లు పెరుగన్నం కలిపి పెట్టిన చేతులే అవి. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోవడం వల్ల రెండు రకాల అన్యాయం జరుగుతోంది. మందుతో తగ్గిపోయే జబ్బుని వయసు ఖాతాలో రాసేసి కొన్ని జంతువుల్ని ముందే వదులుకుంటున్నాం. ఏ మందూ పనిచెయ్యని దశకి వచ్చేసినవాటిని మాత్రం "దానంతటదే పోతుందిలే" అనుకుని వారాల తరబడి నొప్పిలో ఉంచేస్తున్నాం. ఈ రెండూ జరక్కుండా ఉండాలంటే ఎప్పుడు వదలాలి, డాక్టరు చేత నొప్పి లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఎప్పుడు చేయించాలి అన్న ఆలోచన ఆఖరి రాత్రి కంగారులో మొదలవ్వకూడదు. జంతువు ఇంకా తింటూ తిరుగుతూ ఉన్నప్పుడే మొదలవ్వాలి.

ముసలితనం ఎప్పుడొస్తుందనేది ఒంటి సైజుని బట్టి ఉంటుంది. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులు ఏడెనిమిదేళ్లకే ముసలివి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ సాధారణంగా 10 నుంచి 13 ఏళ్లు బతుకుతాయి, ఏడేళ్లు దాటాయంటే పెద్ద వయసు కింద లెక్కేసుకోవాలి. మనం పామరేనియన్ అని పిలుచుకునే తెల్ల స్పిట్జ్‌లు, మామూలు ఊరి కుక్కలు బాగా చూసుకుంటే 14, 15 ఏళ్ల దాకా వస్తాయి. ఇంట్లోనే ఉండే పిల్లి 15 దాటడం వింతేమీ కాదు. ఈ వయసుకి వచ్చినదాన్ని ఏడాదికోసారి టీకాకి మాత్రమే తీసుకెళ్తే సరిపోదు, ఆరు నెలలకోసారి బరువు, పళ్లు, గుండె చూపించి ఒక రక్త పరీక్ష చేయించాలి. మనుషుల కంటే వాటి కాలం వేగంగా నడుస్తుంది కాబట్టి వాటికి ఆరు నెలలంటే చాలా ఎక్కువ.

వయసు అనుకుని జబ్బుని వదిలేయడానికి మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ పిడుదు జ్వరం. వేడి, తేమ రెండూ ఉన్న చోట పిడుదులకి కొదవుండదు, అవి కుట్టడం వల్ల ఎర్లికియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి చేరుతుంది. కుక్క నీరసపడిపోతుంది, చిక్కిపోతుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం వస్తుంది. పదకొండేళ్ల కుక్కలో ఇవన్నీ చూసి వయసే అనుకోవడం చాలా సులువు. కానీ ముందే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌తో చాలా కుక్కలు తేరుకుంటాయి. పరీక్ష చేయించకుండా ఇలాంటిదాన్ని ముసలితనం కింద కొట్టేస్తే ఆ కుక్కకి రావాల్సిన ఏడాదో రెండేళ్లో మన చేతులతో తీసేసినట్టే.

అన్నం మానేసిందంటే కూడా అంతే. చాలాసార్లు ఆకలి ఉంటుంది, నోరు సహకరించదు. పన్ను పుచ్చి చిగురు వాచిన కుక్క గిన్నె దగ్గరికి ఆశగా వస్తుంది, వాసన చూస్తుంది, ఒక ముద్ద నోట్లోకి తీసుకుని ఒక పక్కకే నమిలి కింద పడేస్తుంది, మళ్లీ గిన్నె వైపు చూస్తుంది. కిడ్నీ చెడి వికారం పుట్టినదైతే తిండి చూడగానే మొహం తిప్పేసుకుని పెదాలు నాక్కుంటుంది. రెండిటి మధ్య తేడా గిన్నె దగ్గర రెండు నిమిషాలు కూర్చుని చూస్తేనే తెలుస్తుంది, వంటింట్లోంచి "తినట్లేదు" అని కేకేస్తే తెలియదు. పన్ను తీయిస్తే మొదటి రకం కుక్క మళ్లీ మామూలుగా తింటుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పడుతుంది. నీళ్లు తెగ తాగుతుంది, కడుపు ఉబ్బుతుంది, కొన్నిటికి చీము బయటికి కారుతుంది, కొన్నిటికి కారదు. కారనివాటికే ఎక్కువ ప్రమాదం. ఇది వెంటనే ఆపరేషన్ చెయ్యాల్సిన కేసు, పదేళ్ల కుక్క అయినా సరే. "ఈ వయసులో కోత తట్టుకోదండీ" అని ఇంట్లోనే ఉంచేస్తే ఎక్కువ శాతం చనిపోతాయి. వయసు ఒక్కటే ఆపరేషన్‌కి అడ్డు కాదు, గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం, అది డాక్టరు చూసి చెప్పాల్సిన మాట.

ఇక కీళ్ల నొప్పులు. ఈమధ్య కట్టిన ఇళ్లన్నిటికీ టైల్సో గ్రానైటో వేస్తున్నారు. నడుం బాగున్న కుక్క దాని మీద ఒక్క ఊపులో లేస్తుంది. కీళ్లు అరిగినది ముందు కాళ్ల మీద బరువంతా వేసి, వెనక భాగాన్ని కూడదీసుకుని, సగం లేచి ఆగుతుంది, వెనక కాలు టైల్ మీద పక్కకి జారుతుంది, మళ్లీ కూలబడుతుంది. రెండోసారి ప్రయత్నించేటప్పుడు గోళ్లు నేల మీద గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. అరవదు. కుక్కలు ఇలాంటి నొప్పికి అరవడం తక్కువ, అందుకే "నొప్పేం లేదండీ, అరవట్లేదుగా" అనుకుంటాం. ఒకే కీలుని పదేపదే నాక్కోవడం, పడుకున్నా రొప్పుతుండడం, ఇంతకుముందు ఎగిరి ఎక్కిన మెట్టు దగ్గర నిలబడిపోవడం, నడుం మీద చెయ్యి వేస్తే పక్కకి తప్పుకోవడం, ఇవే నొప్పి గుర్తులు. పిల్లి ఇంకా గుట్టుగా దాస్తుంది, గోడ ఎక్కడం మానేస్తుంది, ఒళ్లు నాక్కోవడం మానేసి నడుం మీద వెంట్రుకలు అట్టలు కడతాయి, మనం మాత్రం బుద్ధిగా పడుకుంటోందని సంతోషిస్తాం.

దీనికి మొదటి వైద్యం మందుల షాపులో లేదు. అది పడుకునే చోటు నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి గుమ్మం దాకా కొబ్బరి పీచు పట్టాలు పరిస్తే చాలు, కోనసీమలో వాటికేం కరువు? అవి లేకపోతే జనపనార గోనె సంచులైనా సరే. పడక కింద మందంగా గుడ్డలు వేయాలి, బరువు ఎక్కువుంటే తగ్గించాలి, గిన్నె కాస్త ఎత్తు మీద పెట్టాలి. కళ్లకి పొర కమ్మితే ఇంట్లో మంచాలు, కుర్చీలు అటూ ఇటూ మార్చకూడదు, దారి దానికి గుర్తే ఉంటుంది.

మందుల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఇంట్లో మనం వాడే నొప్పి మాత్రలు వాటికి వేయకూడదు. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల్లో కడుపులో పుండ్లు చేసి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. కుక్కలకి మెలోక్సికామ్, కార్‌ప్రొఫెన్ లాంటివి ఉన్నాయి, బరువుని బట్టి, కిడ్నీ పరీక్ష చూసి డాక్టరే రాయాలి. వాటితో పాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్ కలిపి వాడకూడదు కాబట్టి ఇంతకుముందు ఎక్కడైనా ఇంజెక్షన్ చేయించి ఉంటే ఆ చీటీ తప్పకుండా చూపించాలి.

డెల్టా వాతావరణం ముసలి జంతువుకి అంత అనుకూలం కాదు. కుక్కకి మనలాగా ఒంటినిండా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూ, ఆ తడి ఆవిరవ్వడం వల్లే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆవిరవ్వడమే తగ్గిపోతుంది. అందుకే రోహిణి కార్తెలో అమలాపురంలోనో నరసాపురంలోనో 38 డిగ్రీల ఎండ కూడా ముసలి కుక్కని కూలదోస్తుంది, గుండె జబ్బు ఉన్నదాన్ని మరీను. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కట్టేయడం పూర్తిగా మానుకోవాలి. రొయ్యల చెరువుల గట్ల మీద కాపలాకి ఉంచిన కుక్కలు ముసలివయ్యాక కూడా అదే గట్టు మీద, అదే ఎండలో ఉండిపోతుంటాయి. వాటి కాపలా అయిపోయాక ఇంటికి తెచ్చుకోవాలని గట్టిగా అనిపిస్తుంది, అన్నేళ్లు రాత్రంతా మేలుకున్న జీవానికి ఆ మాత్రం నీడ బాకీ ఉన్నాం.

వర్షాకాలం వస్తే లేవలేని కుక్కకి ఈగలే పెద్ద శత్రువులు. మూత్రంతో తడిసిన చర్మం మీద, పడక పుండు మీద ఈగ గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి. అది చూసి చాలామంది "ఇక అయిపోయింది" అనుకుంటారు, నిజానికి సమయానికి తీసుకెళ్తే పురుగుల్ని ఏరేసి, కడిగి, మందు పెట్టి మాన్పగలరు. పుండు మీద ఫినాయిల్ పోయడం మాత్రం ఘోరం, మాంసం కాలుతుంది, పిల్లికైతే ఆ రసాయనం లోపలికి చేరి విషమవుతుంది. రెండు మూడు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టడం, వెనక భాగంలో జుట్టు కత్తిరించడం, పొడిగా తుడవడం, దోమతెర కింద ఉంచడం, వీటితోనే చాలా ఆపొచ్చు. ఎలుకల మూత్రం కలిసిన చేల నీళ్లలో తిరిగే కుక్కలకి లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి సోకి కిడ్నీలు పాడవుతాయి కాబట్టి ముసలిదని టీకా ఆపేయకూడదు.

తిండి గురించి మన ఇళ్లల్లో ఒక అలవాటు మార్చుకోవాలి. పిల్లికి ఎండు చేపలు అంటే ప్రాణం, మనకీ పెట్టడం ఇష్టమే, కానీ వాటిలో ఉప్పు విపరీతం. కిడ్నీలు బలహీనపడ్డ ముసలి పిల్లికి అది మంచిది కాదు. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన పచ్చి చేప ముక్క, ముళ్లు తీసి, ఆ ఉడికించిన నీళ్లతో సహా పెడితే తిండితో పాటు నీళ్లు కూడా లోపలికి వెళ్తాయి. పులుసు కలిపిన అన్నం మాత్రం కుక్కకీ పిల్లికీ రెండిటికీ వద్దు, ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

ఇంత చేసినా ఒక దశ వస్తుంది. అక్కడే అసలు కష్టం.

ఆ దశ వచ్చిందా లేదా అన్నది ఒక్క రోజు చూసి తేల్చలేం. పొద్దున లేవని కుక్క సాయంత్రం గేటు చప్పుడుకి తోక ఊపుతుంది, దాంతో మళ్లీ ఆశ పుడుతుంది. తోక ఊపడం మన మీద ప్రేమకి గుర్తే గానీ నొప్పి లేదనడానికి గుర్తు కాదు, ప్రాణం పోయే రోజు కూడా తోక ఊపే కుక్కలుంటాయి. అందుకే లెక్క రాసి పెట్టుకోవాలి. అమెరికాలో జంతువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో దీనికోసం ఒక కొలత తయారు చేశారు, ఇప్పటికీ ప్రపంచమంతా పశువైద్యులు వాడుతున్నారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీళ్లు, శుభ్రత, ఉత్సాహం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, మొత్తం ఏడు విషయాలు. ఒక్కోదానికి సున్నా నుంచి పది. మొత్తం 70లో 35 దాటితే బతుకు ఫర్వాలేదు, చూసుకుంటూ కొనసాగించొచ్చు అని. నొప్పి కింద ఊపిరి కష్టం కూడా వస్తుంది, ఆమె లెక్కలో అదే అన్నిటికంటే ముఖ్యం.

ఈ కొలత అచ్చంగా అంకెల కోసం వాడితే పెద్దగా ఉపయోగం ఉండదు, ఇంట్లో గొడవ తగ్గించడానికి మాత్రం బాగా పనికొస్తుంది. నాన్నగారు "బాగానే ఉంది" అంటారు, పగలంతా దగ్గరుండి మూత్రం తుడిచే అమ్మ "ఇంక చూళ్లేకపోతున్నాను" అంటుంది, హైదరాబాద్‌లో ఉన్న కూతురు వీడియో కాల్‌లో చూసి "నేనొచ్చేదాకా ఆగండి" అని ఏడుస్తుంది. ఎవరి మాటా అబద్ధం కాదు, ఒక్కొక్కరూ ఒక్కో వేళలో చూస్తున్నారు. గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి రాత్రీ అందరూ ఒప్పుకున్న ఒక గుర్తు పెడితే, మంచి రోజుకి ఒక గీత, చెడ్డ రోజుకి ఒక సున్నా, రెండు మూడు వారాలకి కళ్ల ముందు కనబడుతుంది. కూతురు వచ్చేదాకా ఆగడం ఎవరి కోసమో కూడా అప్పుడు తేలుతుంది. రెండు రోజులైతే నొప్పి మందుతో ఆపొచ్చు, రెండు వారాలైతే మన కోసం ఆ జీవాన్ని బాధపెట్టినట్టే.

దాంతో పాటు ఇంకో పని, ఇంకా బాగున్న రోజుల్లోనే చెయ్యాలి. దానికి బాగా ఇష్టమైన మూడు నాలుగు పనులు రాసుకోవాలి. పాల ప్యాకెట్ తెచ్చే కుర్రాడి సైకిల్ బెల్లుకి గేటు దాకా వెళ్లడం, సాయంత్రం కాలవగట్టు మీద నడక, పిల్లలు బడి నుంచి రాగానే బ్యాగు వాసన చూడడం, అలా. ఇవన్నీ పోయి, ఊపిరి తీసుకోవడం మాత్రమే మిగిలితే అది ఎవరికోసం బతుకుతున్నట్టు? రాసి పెట్టుకోవడం ఎందుకంటే మనసు రాజీ పడిపోతుంది, నెలక్రితం గట్టు దాకా నడిచేదన్న సంగతి మర్చిపోయి, ఈరోజు తల ఎత్తిందని సంబరపడతాం.

కొన్ని జబ్బుల్లో ఆగడానికే వీలుండదు. స్పిట్జ్ లాంటి చిన్న కుక్కల్లో ముసలితనంలో గుండె కవాటం చెడడం బాగా కనిపిస్తుంది. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట లేచి దిగడం ఒకసారిగా లెక్కపెడితే నిమిషానికి 30 లోపు ఉండాలి. ప్రతి రాత్రీ లెక్కపెట్టి, అది 30 దాటి పెరుగుతూ పోతే డాక్టరుకి చెప్పాలి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో చూస్తారు. మందులతో నెలలు, కొన్నిసార్లు ఏడాదికి పైగా బాగానే గడుస్తుంది. మందులకి లొంగని రోజు వస్తే మాత్రం అది ఒడ్డున ఉండి మునిగిపోవడమే, మెడ చాపి, మోచేతులు దూరంగా పెట్టి, పడుకోవడానికి భయపడి రాత్రంతా నిలబడే ఉంటుంది.

"దానంతటదే పోనివ్వండి, మనం చంపకూడదు, ఉసురు తగులుతుంది" అనే పెద్దవాళ్ల మాట వెనక భక్తి ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. కానీ దానంతటదే పోవడం అంటే నిద్రలో హాయిగా పోవడం అని మనం ఊహించుకుంటున్నాం. అలా పోయేవి కొన్ని ఉంటాయి. కిడ్నీలు ఆగిపోయిన పిల్లి అలా పోదు, నోట్లో పుండ్లు, వాంతులు, చివర్లో కొన్నిటికి మూర్ఛలు, అలా రోజుల తరబడి గడుస్తుంది. ఆ ఆఖరి ఇంజెక్షన్‌కి మనసొప్పని ఇళ్లు ఉంటాయి, అలాంటి ఇళ్లల్లో ఆఖరిదాకా నొప్పి తెలియకుండా, వాంతి ఆగేలా మందులు వాడి, డాక్టరు చూస్తూ ఉండగా పోనివ్వడం ఒక దారి. అది గౌరవించాల్సిన దారి. మందూ లేక, ఇంజెక్షనూ లేక మూల పడేసి దేవుడి మీద భారం వేయడాన్ని మాత్రం సమర్థించలేం.

ఇంకా దారుణమైన పని కూడా జరుగుతోంది. పడవలో అవతలి రేవుకి తీసుకెళ్లి వదిలేయడం, చేపల మార్కెట్ దగ్గర, గుడి దగ్గర దింపేసి రావడం. అక్కడ ఎవరో ఒకరు పెడతారులే అనుకుంటారు. కళ్లు కనిపించని పన్నెండేళ్ల కుక్కని కొత్త వీధి కుక్కలు ఏం చేస్తాయో ఊహించడం కష్టం కాదు. ఆకలితో, దాహంతో బాధపడే పరిస్థితిలో జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11 కింద నేరం. గుండెలోకి స్ట్రిక్‌నిన్ విషం ఎక్కించి చంపడాన్ని కూడా అదే సెక్షన్ నేరంగా పేర్కొంది. వీధి కుక్కల విషయంలో కూడా 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు, నయం కాని జబ్బో ప్రాణాంతకమైన గాయమో ఉన్నవాటిని మాత్రమే, అర్హుడైన పశువైద్యుడి చేత, బాధ లేని పద్ధతిలోనే చంపాలని అంటున్నాయి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చెయ్యాల్సింది రిజిస్టరైన పశువైద్యులు. కాబట్టి తెలిసిన కాంపౌండర్‌ని ఇంటికి పిలిచి "ఏదో ఒక ఇంజెక్షన్ వేసెయ్యండి" అనడం తప్పు, ప్రమాదం కూడా.

సరిగ్గా చేస్తే అది ఎలా ఉంటుందో తెలిసి ఉంటే భయం సగం తగ్గుతుంది. ముందు మత్తు ఇంజెక్షన్ చేస్తారు, కండలోకో చర్మం కిందకో. ఐదు పది నిమిషాల్లో తల బరువెక్కి, కళ్లు వాలి, పిలిచినా పలకని నిద్రలోకి జారుకుంటుంది. కొన్నిటికి ఆ మందు వల్ల వాంతి అవ్వొచ్చు. తర్వాత ముందు కాలికి జుట్టు గొరిగి, నరానికి చిన్న గొట్టం పెట్టి, పెంటోబార్బిటాల్ గానీ థయోపెంటోన్ గానీ ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. ఇవి మత్తుమందులే, మోతాదు పెరిగితే మెదడు పూర్తిగా మొద్దుబారి, ఊపిరి ఆగి, గుండె ఆగుతుంది. కొద్ది నిమిషాల పని. డాక్టరు స్టెత్ పెట్టి చూసి చెబుతారు. తర్వాత కూడా కళ్లు తెరిచే ఉంటాయి, మూత్రం పోతుంది, ఒకటి రెండుసార్లు ఎక్కిళ్లు వచ్చినట్టు ఒళ్లు అదరొచ్చు, అప్పటికే దానికి స్పృహ లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే చూసినవాళ్లు "ఇంకా బతికే ఉంది" అని జన్మంతా బాధపడతారు.

డాక్టరుని అడగాల్సిన ప్రశ్న ఒకటే, "ముందు పూర్తిగా మత్తు ఇస్తారా?" అని. స్పృహలో ఉండగానే మెగ్నీషియం సల్ఫేట్ లాంటివి ఎక్కించడం ఎక్కడా ఒప్పుకోని పద్ధతి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మన మండలాల్లో పశువుల ఆసుపత్రులు పాడి గేదెల కోసం, ఎద్దుల కోసం ఏర్పడినవి, అక్కడి డాక్టరు గారు గేదె ఈనలేకపోతే అర్ధరాత్రైనా వచ్చి ప్రాణం నిలబెడతారు, కానీ ముసలి కుక్కకి పనికొచ్చే మందులు, ఎక్స్‌రే, రక్త పరీక్ష అన్ని చోట్లా ఉండవు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి చోట్ల కుక్కలకీ పిల్లులకీ విడిగా చూసే క్లినిక్‌లు ఉన్నాయి, పెద్ద కేసులకి గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. ఇంటి దగ్గరికి వచ్చి చేస్తారా, ఆదివారం దొరుకుతారా, ఎంతవుతుంది, ఇవన్నీ అవసరం పడకముందే ఒక ఫోన్‌లో కనుక్కుని పెట్టుకోవాలి.

లంక గ్రామాలవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చి, వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో మనుషుల్నే పడవల్లో తరలించాల్సి వచ్చింది. అలాంటప్పుడు లేవలేని 30 కిలోల కుక్కని ఎవరు ఎత్తాలి, ఏ డాక్టరు దగ్గరికి చేర్చాలి? ఎగువన వరద మొదలైందంటే డెల్టాకి నీళ్లు చేరడానికి కాస్త వ్యవధి ఉంటుంది, ఆ వ్యవధిలోనే దాన్ని ఒడ్డున ఉన్న చుట్టాలింటికి మందులతో సహా చేర్చేయాలి. జూన్ నాటికే దాని పరిస్థితి లెక్కలో బాగా దిగజారి ఉంటే, వానాకాలం గడుస్తుందా అని డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవడం క్రూరత్వం కాదు, నీళ్ల మధ్య చిక్కుకున్న గొడ్ల పాకలో, మందు లేకుండా, మూడు రోజులు గింజుకుని పోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

పూడ్చడం గురించి కూడా ముందే ఆలోచించాలి. ఇక్కడ రెండు మూడడుగులు తవ్వగానే నీళ్లు ఊరే చోట్లున్నాయి, వానల్లో గొయ్యి తవ్వుతుండగానే నిండిపోతుంది. మెరక చూసుకుని, కొబ్బరి తోటలో గట్టు వైపు, బావికీ బోరుకీ చెరువుకీ దూరంగా, వీలైతే నాలుగడుగుల లోతున పూడ్చాలి. ఇంజెక్షన్‌తో పోయిన జంతువు ఒంట్లో ఆ మందు అలాగే ఉండిపోతుంది, పైపైన పూడిస్తే తవ్వి తిన్న కుక్కలు, కాకులు, గద్దలు కూడా చనిపోవచ్చు. కాలువలో పడేసే అలవాటు మాత్రం పూర్తిగా పోవాలి. డెల్టాలో ఎన్నో ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపేది ఆ కాలువ నీళ్లతోనే.

పిల్లలకి "పారిపోయింది" అని చెప్పకూడదు. పారిపోయిన కుక్క కోసం పిల్లవాడు వీధి చివర నెలల తరబడి చూస్తాడు, మన మీద అది అలిగి వెళ్లిందనుకుంటాడు. జబ్బు చేసింది, తగ్గదని డాక్టరు గారు చెప్పారు, నొప్పి లేకుండా పోయేలా మందు ఇచ్చారు, ఇంక తిరిగి రాదు, ఇంతే చెప్పాలి. "నిద్రపుచ్చాం" అంటే రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలుంటారు, చనిపోయిందన్న మాటే వాడాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. పెద్దవాళ్లకి కూడా అదే వర్తిస్తుంది, "కుక్క కోసం ఇంత ఏడుపా" అనేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు. ఇంజెక్షన్ చేయించినవాళ్లని తొందరపడ్డామా అన్న ఆలోచన చాలాకాలం వేధిస్తుంది, అప్పుడు ఆ క్యాలెండర్ గీతలు, సున్నాలు తీసి చూసుకుంటే కాస్త ఊరట, ఎందుకంటే ఆ నిర్ణయం ఒక్క రాత్రి టెన్షన్‌లో తీసుకున్నది కాదని అక్కడ రాసే ఉంటుంది.

ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే దాన్ని మర్చిపోకూడదు. శవాన్ని వాసన చూడనిస్తే మంచిదని చాలామంది పశువైద్యులు చెబుతారు. కొన్ని వెతుకుతాయి, కొన్ని తలుపు దగ్గరే పడుకుంటాయి, కొన్ని తిండి తగ్గిస్తాయి. కుక్క ఒకటి రెండు రోజులు సరిగ్గా తినకపోతే ఓపిక పట్టొచ్చు. పిల్లి అలా కాదు, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. దిగులు పడిందిలే, అదే తింటుందిలే అనుకోకుండా రెండో రోజుకే డాక్టరుకి చూపించాలి.